మెచ్చుకోలు – దిద్దుబాటు

(పద్మశాలి కుల సాంవత్సరిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



 కులసభలయందు ఉపన్యసించువారు మార్కండేయ మహర్షిని స్మరించి, భావనాఋషి తామరతూండ్ల నారతో దేవతలకు వస్త్రములు నేసియిచ్చిన కథను చెప్పి, మన పూర్వవైభవమును వర్ణించుట ఆచారముగ నున్నది. ఆ ఆచారమునెడ మాకును గౌరవమే. అయినను పూర్వులను పొగడుట సులభము. రాబోవు తరమును తీర్చుట కష్టము. కావున నేడు మేము ఆ కష్టమైన పనిలోని యొక చిన్న భాగమును గూర్చి విన్నవింప దలచితిమి. ఒకరికి పని నేర్పునపుడును, బిడ్డను పెంచునపుడును, పదిమందిచేత పనిచేయించునపుడును ఎప్పుడు మెచ్చుకొనవలెను? ఎప్పుడు దిద్దవలెను? ఏ రీతిని ఆ రెండు పనులను చేయవలెను? ఇదియే నేటి మా విషయము.

ఇది ఇంటింటి ముచ్చట గదా, మహాసభలో చర్చింపదగినదా యని కొందరు తలపవచ్చును. చర్చింపదగినదే యని మా నమ్మకము. మన బిడ్డలు మగ్గము విడిచిపోవుటకు మొదటి కారణము కూలి చాలకపోవుట. దీనిని మరుగుపరచి యేమి చెప్పినను అసత్యమే యగును. నూలుధర, రంగులధర, మరమగ్గముల పోటీ, అమ్మకమునకు దిక్కులేమి – వీనిని గూర్చి మన సభలు తీర్మానములు చేసి ప్రభుత్వములకు పంపుచునే యున్నవి. అయితే రెండవ కారణ మొకటి కలదు. అది మన నోటియందున్నది. ఏండ్ల తరబడి తండ్రి ప్రక్కన కూర్చుండి పనిచేసిన కుర్రవాడు ఒక్కనాడైనను "బాగున్నదిరా" యను మాట వినక, తప్పు జరిగిననాడు మాత్రము ఊరందరు వినునట్లు తిట్లు తిని, తుదకు సూరతునకో భీవండికో పోవు రైలెక్కుచున్నాడు. అక్కడ కూలి హెచ్చని పోవువారు కలరు. ఇక్కడ మాట పడలేక పోవువారును కలరు. మొదటి వ్యాధికి మందు ఇతరుల చేతిలో నున్నది. రెండవదానికి మందు మన చేతిలోనే యున్నది. దీనికి ఎవరి యనుమతియు అక్కరలేదు. దమ్మిడీ ఖర్చును లేదు.

ఈ విషయమున మనలో రెండు మతములు కలవు. పెద్దల మతము: "ఎదుట పొగడినచో బిడ్డ చెడును, భయముండినగాని పనిరాదు." నేటి తల్లిదండ్రులలో పలువురి మతము: "కోప్పడినచో బిడ్డ మనసు విరుగును, ఏమి చేసినను శభాషనవలెను." ఈ రెండును సగము సత్యములే. సగము సత్యమును పూర్ణసత్యముగ నెంచి ఆచరించుటవలననే చెరుపు కలుగుచున్నది.

మొదటి మతమువారు తమకు ప్రమాణముగ భారవి కథను చెప్పుదురు. కిరాతార్జునీయమును రచించిన ఆ మహాకవిని గూర్చి మన యిండ్లలో చెప్పుకొను కథ యిది. భారవి బాల్యముననే గొప్ప పాండిత్యమును సంపాదించెను. ఊరివారందరు ఆతని తండ్రి యెదుట ఆతనిని పొగడుచుండిరి. తండ్రి మాత్రము "వాడికింక నేమి తెలియును? కుర్రవాడు" అని తేలిక చేయుచుండెను. పలుమారులిట్లు జరుగగా కుమారునకు అవమానము ముదిరి ద్వేషమైనది. ఒకనాటి రాత్రి పెద్దరాయి నొకదానిని తీసికొని, నిద్రించు తండ్రి తలపై పడవేయవలెనని అటకయెక్కి పొంచియుండెను. అప్పుడు తల్లి "అందరు మన బిడ్డను మెచ్చుచుండగా మీరేల చిన్నబుచ్చెద"రని భర్తనడిగెను. "వాని ప్రజ్ఞ నాకు తెలియకనా? కన్నతండ్రి పొగడినచో బిడ్డకు ఆయుక్షీణము, గర్వమును కలుగును. అందుచే నట్లనుచున్నాను" అని తండ్రి బదులు చెప్పెను. భారవి విని క్రుంగిపోయి, క్రిందికి దిగి, తండ్రి పాదములపైబడి, తన పాపమునకు శిక్ష విధింపుమని వేడెను. తండ్రి ఆరునెలలు అత్తవారింట నుండుమని విధించెను. ఆ శిక్ష యెంత కఠినమైనదో అల్లుడు అక్కడ చులకనయై బహుకాలమున్నపుడు తెలిసివచ్చినదట!

ఈ కథను చెప్పువారందరు "చూచితిరా, తండ్రి ప్రేమ ఎంత లోతైనదో" యని ముగింతురు. ప్రేమ లోతైనదే, సందేహము లేదు. అయితే ఈ కథను రెండవ వైపునుండియు చూడవలెను. ఆ తండ్రి మెచ్చుకోలు కుమారుని చెవినబడుటకు ఎంతకాలము పట్టినది? కుమారుడు రాయి పట్టుకొని అటకపై కూర్చుండు వరకు పట్టినది. తల్లి ఆ రాత్రి ఆ ప్రశ్న నడుగకుండినచో ఏమైయుండునో ఊహింపుడు. అదే మాట ఏడాదికి ఒక్కమారైనను పగటివేళ చెప్పియుండినచో రాయితో పనియే లేకపోయియుండును. కావున ఈ కథ మెచ్చుకోలు కూడదని చెప్పునది కాదు. మనసులో దాచిన మెచ్చుకోలు బిడ్డకు చేరదని చెప్పునది. మన యిండ్లయందు అటకపై రాయితో గాక, సంచి సర్దుకొని వాకిట నిలిచిన భారవు లెందరో కలరు.

ఇక రెండవ మతమువారికి ఉత్తరకుమారుని చూపుదుము. విరాటుని కొమారుడు అంతఃపురమున స్త్రీల నడుమ కూర్చుండి తానొక్కడే కౌరవసేనను గెలిచెదనని పలికెను. చుట్టునున్నవారు కాదనలేదు. పొలిమేర దాటి భీష్మద్రోణకర్ణులను చూడగనే రథము దిగి పరుగెత్తెను. తప్పుచేసినపుడు దిద్దక, చేయని పనికి శభాషనుచు పెంచిన బిడ్డకు మొదటి పరీక్షలోనే ఇట్టి గతి పట్టును. అయితే బృహన్నల యేమి చేసెను? పరుగెత్తువానిని పట్టుకొనెను గాని పిరికివాడని వదలివేయలేదు. ధైర్యముచెప్పి, "నీవు యుద్ధము చేయనక్కరలేదు, రథము నడుపుము" అని ఆతనికి చేతనైన పనినిచ్చెను. ఆ పనిని ఉత్తరుడు చక్కగా నిర్వహించెను. దిద్దుబాటన నిట్టిది. తప్పును తప్పని చెప్పవలెను. చెప్పిన పిమ్మట చేయదగిన పని నొకదానిని చేతికీయవలెను.

ఇట్లే మాట బలమును పెంచుటయు త్రుంచుటయు మన యితిహాసములు ఎరుగును. సముద్రతీరమున మౌనముగ కూర్చుండిన హనుమంతునకు జాంబవంతుడు ఆతని శక్తిని గుర్తుచేసెను. అది ముఖస్తుతి కాదు. ఆతడు పూర్వము చేసిన పనులనే చెప్పెను. కర్ణుని రథముపై కూర్చుండిన శల్యుడు అడుగడుగునను చిన్నబుచ్చుచు పోరినవాని చేయి తడబడునట్లు చేసెను. "శల్యసారథ్య" మను మాట నేటికిని మన నోట నున్నది. మన మగ్గముల గదులలో జాంబవంతులెందరో శల్యులెందరో ప్రతియింటివారును లెక్కించుకొనవచ్చును.

ఇంతవరకు కథలు. ఇక మన వృత్తినే యడుగుదము. మగ్గముకంటె మనకు దగ్గర గురువు లేడు. పడుగుపోగు ఒకటి తెగినదనుకొనుడు. నేతగాడు వెంటనే నాడెను నిలిపి, ఆ పోగును వెదకి, ముడివేసి, అచ్చులోను పన్నెలోను మరల దూర్చి నేత సాగించినచో ఆ లోపము కంటికగపడదు. చూచియు చూడనట్లు నేసికొనిపోయినచో పోగులేనిచోట నిలువున గీతపడును. బెత్తెడు నేసిన పిదప చూచినచో పేకను విప్పి సరిచేయవచ్చును. మూరలకొలది నేసి, బట్టను దోనెకు చుట్టిన పిదప చూచినచో చేయదగిన దేదియు లేదు. చిటికి కట్టు పనిలో నిది మరింత కఠినము. కట్టు తప్పినచోట రంగు ఎక్కెనా, ఇక దానిని కడుగజాలము.

దీనినుండి దిద్దుబాటునకు మూడు నియమములు తెలియుచున్నవి. మొదటిది – వేళ. తప్పు జరిగిన క్షణమున, విప్పి సరిచేయుటకు వీలున్నపుడు చెప్పవలెను. నెల దినములు చూచుచు ఊరకుండి, పండుగనాడు చుట్టముల నడుమ పాత తప్పులన్నియు ఏకరువుపెట్టుట దిద్దుబాటు కాదు, కసి తీర్చుకొనుట. రెండవది – చోటు. ఏ పోగు తెగినదో ఆ పోగునే చూపవలెను. "కుడియంచునొద్ద పేక వదులుగ నున్నది, దెబ్బ సమముగ పడుటలేదు" అనినచో కుర్రవాడు చేయి సరిచేసికొనును. "నీకు ఏడు జన్మలెత్తినను నేత రాదు" అనినచో వాడు దేనిని సరిచేసికొనవలెను? ఏడు జన్మలనా? మూడవది – ముగింపు. ముడివేసిన పోగును మరల మరల లాగిచూచు నేతగాడు లేడు. సరిచేసికొన్న తప్పును మరల ఎత్తరాదు.

మెచ్చుకోలునకును ఈ మూడు నియమములే చెల్లును. "మావాడు మహాబుద్ధిశాలి" యనుటకంటె "ఈ కొంగులో రంగులు ఒకదానిలో నొకటి కలియక నిలిచినవి, నిన్నటికంటె అంచు తిన్నగ వచ్చినది" అనుట మేలు. మొదటి మాట విన్నవానికి ఆ పేరు పోవునేమో యను భయము కలుగును. రెండవ మాట విన్నవానికి రేపు దేనిని నిలుపుకొనవలెనో తెలియును.

"ఇవన్నియు మెత్తని మాటలు. మేము దెబ్బలు తిని నేర్చుకొంటిమి, దెబ్బకు దయ్యము దిగును" అనువారు మన పెద్దలలో కలరు. వారి యనుభవమును మేము త్రోసివేయము. అయితే ఆ యనుభవమునందు ఒక కనుమాయ కలదు. దానిని డేనియల్ కానెమన్ అను మనశ్శాస్త్రజ్ఞుడు బయలుపరచెను. ఈయన 2002లో అర్థశాస్త్రమున నోబెలు బహుమానమును పొందినవాడు. ఇజ్రాయేలు దేశమున విమానములు నడుప నేర్పు గురువులకు ఈయన పాఠము చెప్పుచు, శిక్షకంటె మెచ్చుకోలు మేలని చెప్పగా, ఒక గురువు లేచి కాదనెను. "బాగుగ నడిపినవానిని పొగడితిమా, మరుసటిమారు చెడగొట్టుచున్నాడు. చెడగొట్టినవానిని తిట్టితిమా, మరుసటిమారు బాగుచేయుచున్నాడు. ఇది మా నిత్యానుభవము" అని యాతని వాదము. ఆ గురువు చూచినది నిజమే. దానికి చెప్పుకొన్న కారణము తప్పని కానెమన్ గ్రహించెను.

దీనిని మన మగ్గముపై చెప్పుకొందము. నేర్చుకొను కుర్రవాని చేయి దినదినమునకు కొంత హెచ్చుతగ్గులుగ నుండును. ఒకనాడు గాలి, తేమ, పోగు, మనసు అన్నియు కలసివచ్చి అసాధారణముగ నేసెను. మరునాడు తన మామూలు స్థితికి వచ్చును. తండ్రి నిన్న మెచ్చియుండినచో "పొగడగనే చెడిపోయె" ననును. ఇంకొకనాడు అన్నియు తారుమారై మిక్కిలి చెడగొట్టెను. మరునాడు తిట్టినను తిట్టకున్నను మామూలు స్థితికి వచ్చును. తండ్రి తిట్టియుండినచో "చూచితిరా, తిట్టగనే బాగుపడెను" అనును. ఈ విధముగ లోకము తిట్టినవానికి ప్రతిఫలమిచ్చుచున్నట్లును, మెచ్చినవానిని శిక్షించుచున్నట్లును కనబడును. తరతరముల తండ్రులు ఈ కనుమాయచేతనే మోసపోయిరి. ఫలమును ఒకనాటితో గాక ఆరునెలలతో కొలిచిననే సత్యము తెలియును.

అట్లు దినములతరబడి కొలిచినవారును కలరు. 1925లో ఎలిజబెత్ హర్లాక్ అను అమెరికా విదుషి బడిపిల్లలకు అయిదు దినములు కూడికల లెక్కలిచ్చి పరీక్షించెను. ఒక జట్టును అందరియెదుట మెచ్చుకొనిరి. ఒక జట్టును మందలించిరి. మూడవ జట్టు ఆ గదిలోనే యుండి ఇతరులకు కలిగిన మెప్పును మందలింపును వినుచుండెను. దానిని మాత్రము ఎవరును పలుకరింపలేదు. మెచ్చబడినవారు దినదినమును వృద్ధిపొందిరి. మందలింపబడినవారు మొదట కొంత ముందునకు వచ్చి, పిదప వెనుకకు జారిరి. పలుకరింపబడనివారు మందలింపబడినవారికంటెను తక్కువగ బాగుపడిరి. ఈ మూడవ ఫలమును మనము ముఖ్యముగ గమనింపవలెను. తిట్టు పొందినవానికైన తానున్నాడని ఇతరులు గుర్తించినట్లు తెలియును. ఎవరును చూడనివానికి ఆ మాత్రమును లేదు.

అట్లని మెచ్చుకోలెల్ల మేలుచేయదు. 1998లో మ్యూలర్, డ్వెక్ అను ఇరువురు విదుషులు పిల్లలచేత కొన్ని చిక్కుముళ్లు విప్పించి, కొందరిని "నీవు చాల తెలివిగలవాడవు" అనియు, కొందరిని "నీవు బాగుగ శ్రమపడితివి" అనియు మెచ్చిరి. తరువాత కఠినమైన లెక్కలిచ్చినపుడు తెలివిని పొగడబడినవారు త్వరగ నీరసించిరి. సులువైన పనినే కోరిరి. వారిలో పలువురు తమకు వచ్చిన మార్కులను ఇతరులకు హెచ్చుగ చెప్పుకొనిరి. శ్రమను మెచ్చబడినవారు కష్టమైనదానిని విడువక పట్టుకొనిరి. ఇటువంటి ప్రయోగములు మరల చేసినవారికి అన్నిచోట్లను ఇంత బలమైన ఫలము రాలేదనుటయు న్యాయమే. అయినను 1996లో క్లూగర్, డెనీసీ యను పండితులు అంతవరకు జరిగిన అనేక ప్రయోగములను కూర్చి లెక్కించినపుడు, "నీ పని యిట్లున్నది" అని చెప్పుట సామాన్యముగ మేలే చేసినను, మూడింట ఒక వంతునకు పైగా సందర్భములలో కీడే చేసినదని తేలినది. విన్నవాని దృష్టి పనిమీదినుండి తనమీదికి మరలుకొలదియు ఆ మేలు తగ్గుచుండునని వారి యభిప్రాయము. పోగును చూపుము, మనిషిని చూపకుము అని మన మగ్గము చెప్పినదియు నిదియే కదా!

మనవారి చరిత్రలోనే యొక యుదాహరణము కలదు. ఆలేరు ప్రాంతపు శారాజీపేట వాస్తవ్యులైన శ్రీ చింతకింది మల్లేశముగారు ఆరవ తరగతితో చదువు చాలించినవారు. ఆసుపోయుచు తల్లి లక్ష్మమ్మగారు భుజముల నొప్పితో బాధపడుట చూడలేక యంత్రమును నిర్మింప బూనిరి. ఒక్క చీరకు ఆసుపోయుటకు వేలకొలది మారులు చేయి అటునిటు త్రిప్పవలెనని మీలో స్త్రీలకు తెలియును. వారు 1992 ప్రాంతమున నారంభించిన పని 1999లో ఫలించినది. నాలుగైదు గంటలు పట్టు ఆసు గంటన్నరలో ముగియునట్లైనది. 2017లో భారతప్రభుత్వము పద్మశ్రీ బిరుద మొసగినది; 2019లో వారి కథ చలనచిత్రముగ వచ్చినది. ఇప్పుడు మన సభలన్నింటను వారి పేరు మార్మోగుచున్నది. మంచిదే. కాని ఆ ఏడేండ్లలో యంత్రపు భాగము లొక్కొక్కటి పనిచేయక నిలిచినపుడు చుట్టుప్రక్కలవారివలన వారికి దొరికినది హెచ్చుగ పరిహాసమేయని వారి కథ తెలిసిన వారెల్లరు ఎరుగుదురు. గెలిచిన పిమ్మట వేయు పూలదండకంటె, గెలువకమునుపు "ఈ భాగము బాగున్నది, ఆ భాగమున దారము తగులుకొనుచున్నది, దానిని చూడుము" అను మాట వేయిరెట్లు విలువైనది. నేడు ఏ వీధిలో ఏ కుర్రవాడు ఏ యంత్రముతో కుస్తీ పట్టుచున్నాడో? వానికి 2017 ఇంకను రాలేదు. వానియొద్దకు పోయి చూచువారు కావలెను.

ఆసును గూర్చి చెప్పుచు స్త్రీలను గూర్చి చెప్పకుండుట తగదు. కండెలు చుట్టువారు స్త్రీలు. ఆసుపోయువారు స్త్రీలు. చిటికి కట్టుట, గంజిపెట్టుటయందు సగము చేయి వారిది. చీర బాగున్నచో మెప్పు మగ్గముపై కూర్చున్నవానిది. కండెలో పోగు తెగినచో తిట్టు ఇంటి యిల్లాలిది. పని వారిది, మెప్పు ఇతరులది, తప్పు మాత్రము వారిది అను లెక్క ఏ ధర్మశాస్త్రమునందును లేదు. మన మహాసభలలో ఉత్తమ నేతగాండ్రకు శాలువలు కప్పునపుడు ఆ చీరకు ఆసుపోసినదెవరని యడిగి ఆ తల్లినిగూడ వేదికపైకి పిలువవలెను.

ఇక చదువుల సంగతి. పదవ తరగతియందు మంచి మార్కులు తెచ్చుకొన్న విద్యార్థులకు మన సంఘములు బహుమానము లిచ్చుచున్నవి. అందుకు ధనమిచ్చు దాతలు ధన్యులు. కాని ఆ సభకు వచ్చిన బిడ్డలను గమనింపుడు. ముందువరుసలో నలుగురు, వెనుక నలువదిమంది. హర్లాక్ విదుషి పలుకరింపని మూడవ జట్టు వారే. నిరుడు నలుబది మార్కులు వచ్చి ఈ యేడు అరువది తెచ్చుకొన్న మగ్గపు కార్మికుని కూతురు నడచినదారి, పట్టణమున పెరిగి తొంబదిరెండునుండి తొంబదినాలుగునకు వచ్చిన బిడ్డ నడచినదారికంటె దూరము కాదా? ఆమె పేరు చదివినవారు లేరు. పరీక్ష తప్పిన బిడ్డల మాట చెప్పనేల? ఫలితములు వెలువడిన దినములలో ఆ పసివాండ్రు ప్రాణములు తీసికొను వార్తలు ఏటేట పత్రికలలో చదువుచునే యున్నాము. ఆ రాత్రి ఇంటిలో పలికిన మాట ప్రాణముల ఖరీదు చేయును. "తప్పితివి; ఏ పాఠమున తప్పితివో రేపు చూతము; మరల వ్రాయుటకు అనుబంధ పరీక్ష యున్నది; అన్నము తినుము." ఇంతకు మించిన యుపన్యాసము ఆ రాత్రి అక్కరలేదు.

బడిలో దెబ్బలను గూర్చి మరల వాదింప బనిలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ విభాగము పిల్లలను కొట్టుటను, మానసికముగ వేధించుటను నిషేధించినది. 2010 ఏప్రిలు 1 నుండి అది అమలునందున్నది. చట్టమునకు పూర్వమే గాంధీమహాత్ముడు తన యాత్మకథలో, టాల్‌స్టాయి క్షేత్రమున ఒక్కమారు ఒక దుడుకు బాలుని రూళ్లకర్రతో కొట్టి, దానికై పిదప చింతించినట్లు వ్రాసికొనియున్నాడు. కొట్టుట తప్పని యొప్పుకొనుటకు అంతటివాడు సిగ్గుపడలేదు.

పనిచేయించు షావుకార్లతోను, ఆసాములతోను ఒక్కమాట. సిరిసిల్లయందును, షోలాపురమందును, భీవండియందును మనవారే కార్ఖానాల యజమానులు, మనవారే కూలీలు. బట్ట తెచ్చినవానికి తప్పు చూపక కూలి కోసి పంపుట దిద్దుబాటు కాదు. ఎందుకు కోసిరో తెలియనివాడు రేపును అదే తప్పు చేయును. పైపెచ్చు మోసపోతినని తలచును. బట్టను పరచి, తప్పున్నచోట వ్రేలుపెట్టి చూపి, పదిమంది లేనిచోట చెప్పుడు. ఎంత కోసిరో ఎందులకు కోసిరో చెప్పుడు. తప్పులేని బట్ట తెచ్చిననాడు ఆ మాటయు చెప్పుడు. కూలి పెంచకుండ మంచిమాటతో సరిపుచ్చుడని మేము చెప్పుటలేదు. న్యాయమైన కూలికి బదులుగ వాడబడిన మెచ్చుకోలు మెచ్చుకోలే కాదు.

దిద్దుట మానవలెనని మా యభిప్రాయము కాదని మరల చెప్పుచున్నాము. త్రాగుడు, జూదము, అప్పుచేసి ఎగవేయుట, స్త్రీలపై చేయిచేసికొనుట – ఇట్టివాని యెడ మెత్తదనము కూడదు, గట్టిగనే చెప్పవలెను. మనము ఎవరిని దిద్దుట మానితిమో వారిని వదలుకొంటిమన్నమాట. బాగుపడునను ఆశ యున్నవానినే ఎవరైనను దిద్దుదురు. కావున దిద్దుబాటును గౌరవముగనే చేయవలెను, గౌరవముగనే పుచ్చుకొనవలెను. యువకులారా! మిమ్ము పొగడువారినందరిని మిత్రులుగను, తప్పు చూపువారినందరిని శత్రువులుగను ఎంచకుడు. ధృతరాష్ట్రునకు విదురుని మాట చేదయ్యెను, శకుని మాట తీపియయ్యెను. ఆ తీపి కులమునే కాల్చినది.

తుదకు మన సంఘముల మాట. మహాసభలందు అధ్యక్షుని కార్యదర్శియు, కార్యదర్శిని కోశాధికారియు, వారినందరిని దాతలును, దాతలను వారందరును పొగడుటతో సగము ప్రొద్దు గడచుచున్నది. లెక్కలయందు లోపమును చూపిన సభ్యుడు కులద్రోహిగ నెంచబడుచున్నాడు. పెద్దలమైన మనము దిద్దుబాటును సహింపలేకపోయినచో, పిల్లలు దానిని సహింపవలెనని ఏ ముఖముతో చెప్పగలము? ఈ సంచికలో అచ్చగు స్తుతులలో నాలుగింట నొకవంతు తగ్గించి, ఆ పుటలయందు ఈ యేడు చేయదలచి చేయలేకపోయిన పనుల పట్టిక ప్రకటించినచో సంఘమునకు గౌరవము పెరుగునే గాని తరుగదు.

కావున ఈ మహాసభవారి యాలోచనకై మేము అయిదు సూచనలను సవినయముగ సమర్పించుచున్నాము.

1. విద్యార్థి బహుమానములలో కొన్నింటిని, నిరుటికంటె మిక్కిలి ముందునకు వచ్చిన బిడ్డలకై ప్రత్యేకింపవలెను.

2. ఉత్తమ నేతకు బహుమానమిచ్చునపుడు ఆ బట్టకు కండెలు చుట్టిన, ఆసుపోసిన, చిటికి కట్టిన స్త్రీలను పేరుపేరున పిలిచి గౌరవింపవలెను. ఏ గుణమునకై బహుమానమో మానపత్రమునందు వ్రాయవలెను.

3. పరీక్ష ఫలితములు వెలువడు దినముననే, తప్పిన బిడ్డల యిండ్లకు ప్రతి యూరి సంఘమునుండి ఇరువురు పెద్దలు పోయి ధైర్యము చెప్పి, అనుబంధ పరీక్షకు చదువు చెప్పించు నేర్పాటు చేయవలెను.

4. కూలి కోత విధించు యజమానులు తప్పును చూపి, కారణమును చీటిపై వ్రాసి యియ్యవలెను.

5. ప్రతి మహాసభలో ఒక గంట కాలము సంఘపు లోటుపాట్లను సభ్యులు నిర్భయముగ చెప్పుటకును, కార్యవర్గము వినుటకును కేటాయింపవలెను. ఆ గంటలో దండలు వేయరాదు.

ఈ సూచనలకు పెద్ద ధనము అక్కరలేదు. ఓర్పు మాత్రము కావలెను. నేడు సభ ముగిసిన పిమ్మట మీరందరు ఇండ్లకు పోవుదురు. మీ యింట మగ్గముపైనో, పుస్తకము ముందో, వంటయింటనో మీ మాటకై కనిపెట్టుకొనియున్న వారొకరుందురు. వారు చేసిన పనిని ఒక్కమారు దగ్గరగ చూడుడు. బాగున్నదానిని బాగున్నదనుడు, తెగిన పోగును చూపుడు, ముడివేయుటకు చేయి సాయమిండు.

 భావనాఋషి వంశమువారి మగ్గములు నిలుచుగాక! వానిపై కూర్చుండు బిడ్డలు తలయెత్తి నిలుతురుగాక!

స్వస్తి.